కూపన్ల వేటకు తీరిక లేనివాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

సరుకుల యాప్‌లో డబ్బు కట్టే ముందు కూపన్ కోడ్ కోసం ఒక ఖాళీ గడి కనిపిస్తుంది. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలో, ఒక చేత్తో మెట్రో కమ్మీ పట్టుకుని ఇంకో చేత్తో పాలు, కూరగాయలు ఆర్డర్ పెట్టేవాళ్లు చాలావరకు ఆ గడిని చూడకుండానే బిల్లు కట్టేస్తారు. అదే సరుకు, అదే రోజు, అదే యాప్‌లో ఇంకొకరు యాభయ్యో వందో తక్కువకు కొంటారు. ఈ తేడా పొరపాటున వచ్చింది కాదు. అందరికీ తక్కువకే అమ్మాలనుకుంటే కంపెనీ నేరుగా ధరే తగ్గించేది. ధర అలాగే ఉంచి, తగ్గింపును ఒక కోడ్ వెనకాల దాచడంలో ఒక లెక్క ఉంది.

ఆ లెక్కను అర్థశాస్త్రం చాలాకాలం కిందటే విప్పి చెప్పింది. ఒకే వస్తువుకు కొందరు 100 రూపాయలు ఇవ్వడానికి వెనకాడరు. మరికొందరు 80 అయితేనే కొంటారు. ఎవరు ఏ రకమో దుకాణదారుకి తెలియదు. ముఖం చూసి ధర చెబితే గొడవలవుతాయి. కూపన్ ఆ పని గొడవ లేకుండా చేస్తుంది. వెతికి, కత్తిరించి, గుర్తుపెట్టుకుని తెచ్చేవాళ్లకు 80, మిగతావాళ్లకు 100. చక్రవర్తి నరసింహన్ అనే మార్కెటింగ్ పరిశోధకుడు 1984లో ప్రచురించిన పత్రంలో ఈ వాదననే గణితంతో చూపించారు. కూపన్ వాడాలంటే సమయం పెట్టాలి, కాబట్టి సమయం విలువ ఎక్కువగా ఉన్నవాళ్లు దాన్ని వదిలేస్తారు, వాళ్ల దగ్గర పూర్తి ధర వసూలవుతుంది. ఇంకోలా చెప్పాలంటే తీరిక లేనివాళ్లకు కూపన్ దక్కకపోవడం ఆ పద్ధతిలో లోపం కాదు, ఆ పద్ధతి పనిచేసేదే అలా.

ఈ విషయం తెలిస్తే మొదటి సలహా దానంతటదే వస్తుంది. బిజీగా ఉన్న మనిషి కూపన్ల వేటలో తీరిక ఉన్నవాళ్లతో పోటీపడకూడదు. రోజూ పావుగంట వెతకాల్సిన పద్ధతులు రెండో వారానికే ఆగిపోతాయి. ఒక్కసారి కూర్చుని ఏర్పాటు చేసుకుంటే, ఆ తర్వాత గుర్తులేకపోయినా తగ్గింపు పడుతూ ఉండే మార్గాలే వాళ్లకు పనికొస్తాయి.

మన దగ్గర కూపన్ చాలాకాలం ఆటగానే ఉంది. 1999 ప్రపంచ కప్ ముందు బ్రిటానియా బిస్కెట్ రేపర్ల మీద పరుగులు ముద్రించింది. వంద పరుగులు పోగుచేస్తే బహుమతుల పుస్తకం ఇచ్చేవారు. ఆ రేపర్ల కోసం పిల్లలు బడి దగ్గర బేరాలాడుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2019 దీపావళికి గూగుల్ పే ఐదు రకాల స్టాంపులు సేకరిస్తే 251 రూపాయలు ఇస్తామంది. వాటిలో రంగోలి మాత్రం చాలామందికి దొరకలేదు. చదువుకున్న పెద్దవాళ్లు కూడా ఆ ఒక్క స్టాంపు కోసం తెలిసినవాళ్లందరికీ మెసేజీలు పెట్టారు. పండగ సరదాగా అది బాగానే ఉంది. పొదుపు కావాలనుకునేవాళ్లు మాత్రం ఇలాంటి స్క్రాచ్ కార్డులను, చక్రం తిప్పే ఆటలను లెక్కలోంచి తీసేయడమే మంచిది. వాటిలో వచ్చేది కొద్దిగా, పోయేది బోలెడు సమయం. పైగా ఆ కార్డు గీకితే వచ్చేది చాలాసార్లు ఎప్పుడూ పేరు వినని బ్రాండ్ మీద తగ్గింపు, అంటే కొత్త ఖర్చుకు పిలుపు.

మొదట చేయాల్సింది ఇంటి ఖర్చులో నెలనెలా తప్పకుండా వచ్చేవి ఏవో చూసుకోవడం. పచారీ సరుకులు, పాలు, మందులు, పెట్రోలు, ఫోన్ రీఛార్జి, కరెంటు బిల్లు, గ్యాస్ బండ. ఏడాదికోసారి కొనే చెప్పుల మీద 40 శాతం కూపన్ కంటే, నెలకు పదిహేను వేలు పోయే సరుకుల మీద 5 శాతం ఎక్కువ మిగులుస్తుంది. పదిహేను వేలలో 5 శాతం అంటే 750 రూపాయలు, ఏడాదికి 9,000. అందుకే కూపన్ల గురించి ఆలోచించడం సరుకుల దగ్గర మొదలవ్వాలి. చాలామంది బట్టల దగ్గర మొదలుపెడతారు, ఎందుకంటే పెద్ద శాతాలు కనిపించేది అక్కడే.

ఈ 5 శాతం లాంటివి ఏ కోడూ కొట్టకుండా రావాలంటే దారి, డబ్బు కట్టే పద్ధతిలో ఉంది. పెద్ద ఆన్‌లైన్ దుకాణాలు బ్యాంకులతో కలిసి ఇచ్చే కార్డులు అలాంటివే. ఆ దుకాణంలో కొన్న ప్రతిసారీ కొంత శాతం వెనక్కి వస్తుంది, ఎవరూ ఏమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఎక్కువ కొనే దుకాణం ఏదో చూసి, దానికి సరిపోయే ఒక్క కార్డు, అదీ వార్షిక రుసుము లేనిది, తీసుకుంటే చాలు. ఆరు కార్డులు పెట్టుకుని ఏ రోజు ఏది గీకాలో ఆలోచించడం మళ్లీ తీరిక ఉన్నవాళ్ల పనే అవుతుంది. ఒక షరతు మాత్రం గట్టిగా చెప్పుకోవాలి. బిల్లు మొత్తం గడువులోగా కట్టగలిగేవాళ్లకే ఇది పొదుపు. క్రెడిట్ కార్డు బాకీ మీద వడ్డీ చాలా బ్యాంకుల్లో నెలకు 3 శాతం పైనే ఉంటుంది. కనీస మొత్తం కట్టి మిగతాది నెట్టుకొచ్చేవాళ్లకు వచ్చిన క్యాష్‌బ్యాక్ వడ్డీలో కొట్టుకుపోతుంది. అలాంటి ఇబ్బంది ఉంటే కార్డు జోలికి పోకుండా యూపీఐ, డెబిట్ కార్డులతోనే సరిపెట్టుకోవాలి. తక్కిన మార్గాలన్నీ వాళ్లకూ వర్తిస్తాయి.

ఆ తక్కిన వాటిలో అతి సులువైనది, అతి ఎక్కువమంది వదిలేసేది, అమెజాన్‌లో కొన్ని వస్తువుల ధర కింద ఉండే కూపన్ టిక్కు. కోడ్ లేదు, వెతకడం లేదు. ఆ చిన్న గడిని నొక్కితే బిల్లు దగ్గర డబ్బు తగ్గుతుంది, నొక్కకపోతే తగ్గదు. సరుకుల యాప్‌లలో కూడా బిల్లు పేజీలో ఆఫర్లు, కూపన్లు అని ఒక వరుస ఉంటుంది. దాన్ని తెరిస్తే ఆ బుట్టకు వర్తించేవి పైన, వర్తించనివి కింద కనిపిస్తాయి. గూగుల్‌లో కోడ్‌లు వెతకడం కంటే ఈ వరుస తెరిచి చూడటం ఎంతో మేలు, ఎందుకంటే అక్కడ ఉన్నవి పనిచేస్తాయి. పది సెకన్ల పని. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి నెల ఈ ఒక్క అలవాటు చేసుకున్నా చాలు.

ఇక కూపన్ మీద ఉన్న మాటలు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ మధ్య ఉన్న దూరంలోనే అసలు విషయం ఉంటుంది. 20 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 100 రూపాయలు, కనీసం 399 కొనాలి అని ఒక కూపన్ ఉందనుకుందాం. 500 రూపాయల బుట్టకు అది నిజంగానే 20 శాతం. 1,000 రూపాయల బుట్టకు 10 శాతమే. 2,000కి 5 శాతం. అంటే ఈ కూపన్ చిన్న ఆర్డర్లకు మంచిది, నెలసరి సరుకులకు కాదు. పండగ సేల్‌లో బ్యాంకు కార్డుల మీద 10 శాతం, గరిష్ఠంగా 1,500 అని ఉంటే 15,000 రూపాయల వాషింగ్ మెషీన్‌కి అది పూర్తిగా దక్కుతుంది, 30,000 ఫోన్‌కి సగమే. లెక్క తేలిక. గరిష్ఠ మొత్తాన్ని శాతంతో భాగిస్తే కూపన్ ఎంత బిల్లు దగ్గర పూర్తిగా పండుతుందో తెలుస్తుంది. 100ని 20 శాతంతో భాగిస్తే 500, 1,500ని 10 శాతంతో భాగిస్తే 15,000.

కనీస కొనుగోలు అనే షరతు ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. బుట్టలో 620 రూపాయల సరుకు ఉంది. 799కి చేరితే 100 తగ్గుతుందని తెర చెబుతోంది. ఇంకో 179 రూపాయల వస్తువులు వేస్తే బిల్లు 699. ముందు ఇవ్వాల్సినదాని కంటే 79 రూపాయలు ఎక్కువే చేతి నుంచి పోయాయి. ఆ 179తో వేసింది కందిపప్పో, వంటనూనో అయితే ఎలాగూ వచ్చే వారం కొనేవే కాబట్టి నిజంగానే 100 మిగిలింది. వేసింది చిప్స్ పాకెట్లయితే 79 రూపాయలు ఖర్చయింది, అంతే. కూపన్ మంచిదా కాదా అన్నది కూపన్‌లో లేదు, బుట్ట నింపిన వస్తువులో ఉంది. అందుకే పాడవని సరుకుల చిన్న జాబితా ఒకటి ఫోన్లో ఉంచుకుంటే పనికొస్తుంది. సబ్బులు, టూత్‌పేస్ట్, బట్టల పౌడర్, పప్పులు, ఉప్పు. కనీస మొత్తానికి కాస్త తక్కువైనప్పుడు ఆ జాబితా నుంచే ఒకటి వేసేయవచ్చు, ఆలోచించనక్కర్లేదు.

పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌ల విషయంలో కూపన్‌ను ఒంటరిగా చూస్తే లెక్క తప్పుతుంది. డెలివరీ ఛార్జి, హ్యాండ్లింగ్ ఛార్జి, చిన్న ఆర్డర్ ఛార్జి, వాన పడితే ఇంకో ఛార్జి. 50 రూపాయల కూపన్ ఇచ్చి 40 రూపాయల ఛార్జీలు వేస్తే మిగిలింది పదే. పోల్చాల్సింది ఎప్పుడైనా చివరి మొత్తాలనే. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30న తెచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే కొనేవాళ్లను తప్పుదోవ పట్టించే తెర మీది ఎత్తులను, నిషేధించారు. ముందు ఒక ధర చూపించి చివర్లో ఛార్జీలు కలపడం, అడగకుండా బుట్టలో ఏదో వేసేయడం, సమయం అయిపోతోందని దొంగ తొందర పెట్టడం వాటిలో ఉన్నాయి. అలాంటిది ఎదురైతే 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు తెరను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటే ఫిర్యాదుకు బలం.

ఎంఆర్‌పీ మీద ఇంత శాతం తగ్గింపు అనేది మన దేశంలో ప్రత్యేకంగా తికమక పెట్టే మాట. ఎంఆర్‌పీ అంటే అంతకు మించి అమ్మకూడదని ముద్రించిన గరిష్ఠ ధర. చాలా వస్తువులను ఎవరూ ఆ ధరకు అమ్మరు. ఎంఆర్‌పీ 400 ఉన్న డిటర్జెంట్‌ను ఒక యాప్ 30 శాతం తగ్గింపుతో 280కి ఇస్తుంది, వీధి చివర హోల్‌సేల్ కొట్టులో అది ఏ కూపనూ లేకుండా 275. డీమార్ట్ లాంటి దుకాణం కూపన్ల జోలికి పెద్దగా పోకుండా రోజూ ధరే తక్కువ ఉంచే పద్ధతిలో ఎదిగింది. తీరిక లేనివాళ్లకు ఇది నిజంగా మంచి ఏర్పాటు. నెలకోసారి అక్కడికి వెళ్లగలిగితే, సగం కూపన్లతో పనే లేదు. పాకెట్ మీద ఇంకో పనికొచ్చే అంకె ఉంది. లీగల్ మెట్రాలజీ నిబంధనలకు 2021లో చేసిన సవరణ వల్ల ప్యాకెట్ల మీద గ్రాముకో, కిలోకో, లీటరుకో ఎంత పడుతుందో ముద్రించాల్సి వచ్చింది. ఒకటి కొంటే ఒకటి ఉచితం, 20 శాతం అదనం లాంటివి చూసినప్పుడు, ఇచ్చే డబ్బును మొత్తం గ్రాములతో భాగించి ఆ అంకెతో పోలిస్తే ఏది చవకో తెలిసిపోతుంది.

పెద్ద కొనుగోళ్లకు పద్ధతి వేరు. ఫ్రిజ్, ఫోన్, మిక్సీ లాంటివి కొనాలనుకున్న రోజే ధర రాసిపెట్టుకోవాలి. ఫ్లిప్‌కార్ట్ 2014 అక్టోబర్‌లో బిగ్ బిలియన్ డే మొదలుపెట్టినప్పటి నుంచి దసరా, దీపావళి సేల్ ఒక జాతరలా మారింది. ఆ జాతరలో పాత ధర ఎంత అని కొట్టేసి చూపించే అంకెను నమ్మాల్సిన పని లేదు. బైహట్కే, కీపా లాంటి వెబ్‌సైట్లలో ఒక వస్తువు ధర గడిచిన నెలల్లో ఎలా మారిందో గీత గీసి చూపిస్తారు. అది చూస్తే సేల్ ధర నిజంగా తగ్గిందా, రెండు వారాల ముందు పెంచి తగ్గించారా అన్నది తెలుస్తుంది. నో కాస్ట్ ఈఎంఐ అన్నచోట మాత్రం ఒక విషయం గమనించాలి. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని అమ్మకందారు ముందే ధరలో తగ్గిస్తాడు. కానీ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, బ్యాంకు ప్రాసెసింగ్ రుసుము కొనేవాళ్ల మీదే పడతాయి. కొన్నిసార్లు ఈఎంఐకే ఎక్కువ తగ్గింపు ఇస్తారు, అప్పుడు ఈ రెండూ కలిపి లెక్క వేసుకుని తీసుకోవడంలో తప్పులేదు.

ముందే తెలిసిన ఖర్చుకు ఇంకో సులువు ఉంది, గిఫ్ట్ వోచర్. బ్యాంకు యాప్‌లు, చెల్లింపుల యాప్‌లు పెద్ద దుకాణాల వోచర్లను కాస్త తగ్గింపుతో అమ్ముతుంటాయి. 10,000 రూపాయల వోచర్ 3 శాతం తగ్గింపుతో దొరికితే 300 అక్కడే మిగిలింది. వోచర్ డబ్బుతో సమానం కాబట్టి దుకాణం కూపన్ చాలాచోట్ల దాని మీద కూడా పడుతుంది. బ్యాంకు కార్డు ఆఫర్ మాత్రం వోచర్‌తో కట్టిన భాగానికి రాదు. నెలలో వాడేసేంతే కొనాలి, గడువు తేదీ చూసుకోవాలి. వాడకుండా మిగిలిపోయిన వోచర్ పొదుపు కాదు, దుకాణానికి ఇచ్చిన కానుక.

కోడ్‌లు పోగుచేసే వెబ్‌సైట్ల గురించి కూడా తెలుసుకోవాలి. కూపన్‌దునియా, క్యాష్‌కరో, హైదరాబాద్ నుంచి నడిచే గ్రాబ్‌ఆన్ వంటివి మన దేశంలో పదేళ్లకు పైగా ఉన్నాయి. వాటి లింకు ద్వారా వెళ్లి కొంటే దుకాణం వాటికి కమీషన్ ఇస్తుంది. క్యాష్‌కరో లాంటివి ఆ కమీషన్‌లో కొంత కొన్నవాళ్లకు పంచుతాయి. ఇందులో మోసం లేదు, కానీ డబ్బు చేతికి రావడానికి వారాలు పడుతుంది, ఏదైనా వెనక్కి పంపిస్తే రాదు. ఐదారు వేలు దాటిన కొనుగోలుకే ఆ శ్రమ తగినది. బ్రౌజర్‌కి తగిలించుకుంటే తమంతట తామే కోడ్‌లు ప్రయత్నించే చిన్న ప్రోగ్రాములు, అంటే ఎక్స్‌టెన్షన్లు, తీరిక లేనివాళ్లకు అనువుగా కనిపిస్తాయి. అమెరికాలో పేపాల్ సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్న హనీ అలాంటిదే. ఇతరుల సిఫార్సుతో వచ్చిన కొనుగోలు కమీషన్‌ను అది చివరి క్షణంలో తన ఖాతాలోకి మళ్లించుకుంటోందని 2024 డిసెంబర్‌లో ఆరోపణలు వచ్చి పెద్ద వివాదమైంది. పైగా ఇలాంటివి మనం తెరిచే పేజీలను చదవడానికి అనుమతి తీసుకుంటాయి. అదే ఫోనులో, అదే కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేసేవాళ్లు ఆ అనుమతి ఇచ్చే ముందు ఆలోచించాలి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ తిప్పలు కొంత తక్కువ. క్రోగర్ లాంటి దుకాణాల యాప్‌లో వారానికోసారి కావలసిన కూపన్లను నొక్కి పెట్టుకుంటే, కౌంటర్‌లో ఫోన్ నంబరు చెప్పగానే అవి పడతాయి. నొక్కకపోతే కొన్నిసార్లు షెల్ఫ్ మీద రాసిన తక్కువ ధర కూడా దక్కదు, కొత్తగా వెళ్లినవాళ్లు బిల్లు చూసి ఆశ్చర్యపోయేది ఇక్కడే.

మన దగ్గర మాల్స్‌లో కౌంటర్ దగ్గర ఫోన్ నంబరు అడుగుతారు. పాయింట్లు కావాలంటే ఇవ్వవచ్చు, ఇవ్వకపోతే బిల్లు వేయం అనడం మాత్రం కుదరదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో దుకాణాలకు స్పష్టంగా చెప్పింది. నెలకు రెండుసార్లయినా వెళ్లే దుకాణానికి నంబరు ఇవ్వడంలో అర్థం ఉంది. ఆషాఢం సేల్‌లో ఒక్కసారి చీర కొన్న కొట్టుకు ఇస్తే ఏడాదంతా మెసేజీలే వస్తాయి. కూపన్ల కోసమే విడిగా ఒక ఈమెయిల్ పెట్టుకుని, నోటిఫికేషన్లు ఆపేసి, కొనాల్సి వచ్చినప్పుడు మాత్రమే దాన్ని తెరిచి చూస్తే అక్కర్లేని కోరికలు పుట్టవు. ఇక కూపన్ గెలిచారు, డబ్బు పడాలంటే యూపీఐ పిన్ కొట్టండి అని వచ్చేది ఏదైనా మోసమే. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పొరపాటున కొడితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

చివరగా మందులు. ఇంట్లో అమ్మానాన్నలకు బీపీ, షుగర్ మాత్రలు నెలనెలా కొనే కుటుంబాలకు నిజంగా కలిసొచ్చే చోటు ఇదే, కూపన్ల గురించి రాసేవాళ్లు తక్కువగా పట్టించుకునేదీ ఇదే. అపోలో, మెడ్‌ప్లస్ లాంటి దుకాణాల యాప్‌లలో మందుల చీటీ ఒకసారి ఎక్కించి వీలున్నచోట నెలసరి ఆర్డర్‌గా పెట్టుకుంటే, ఎంఆర్‌పీ మీద ఇచ్చే తగ్గింపు ప్రతి నెలా దానంతటదే వస్తుంది. మూడు నెలలకు సరిపడా ఒకేసారి తీసుకుంటే కనీస కొనుగోలు షరతులు కూడా తేలిగ్గా దాటుతాయి, డాక్టర్ మోతాదు మార్చే అవకాశం లేదనుకుంటేనే. కానీ ఎంత మంచి కూపన్ అయినా జనరిక్ మందుకు, అంటే బ్రాండ్ పేరు లేకుండా అసలు పేరుతో అమ్మే అదే మందుకు, సాటిరాదు. ప్రధానమంత్రి జన ఔషధి కేంద్రాల్లో మందులు బ్రాండెడ్ వాటికంటే 50 నుంచి 80 శాతం దాకా చవక. మాత్రల పట్టీ మీద బ్రాండ్ పేరుతోపాటు ఉండే మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములన్నది ఫోటో తీసుకుని, తర్వాతి చెకప్‌లో జనరిక్ వాడవచ్చా అని డాక్టర్‌ని అడగాలి. సరేనంటే ఆ నెల నుంచి ఏ కోడూ కొట్టకుండానే బిల్లు సగానికి దిగుతుంది.